రెండు ఊపిరుల ఆలస్యం

"...అడిగితే ఏం పోతుంది? పరాయిదా? మీ అక్కేగా!"

"మా అక్క కాబట్టే అడగను. మీకో అక్క ఉంటే మీరు వెళ్ళి అడుక్కోండి."

"నాకే అక్క ఉండి, ఆవిడా ఆ బ్యాంకులోనే ఉంటే, ఈపాటికి మనకి మూడు దుకాణాలుండేవి."

"ఆ మూడూ మూసేసి జైల్లో కూర్చునుండేవారు. గొంతు తగ్గించండి, మెట్ల మీద ఉందేమో."

మెట్ల మీదే ఉంది. పై వాటాలోంచి ఆఫీసుకి బయల్దేరి, ఆరో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో గొడుగు. చప్పుడు కాకుండా రెండు మెట్లు వెనక్కి ఎక్కి, మళ్ళీ టపటపమని దిగింది. వంటింట్లో మాటలు ఆగి గిన్నెల మోత మొదలైంది.

"వెళ్ళొస్తానే," అంది గుమ్మంలోంచి.

"సరేనక్కా," అంది చెల్లెలు, ఇటు తిరక్కుండానే.

మరిది ఇటు తిరిగాడు గానీ మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎండ మండిపోతోంది వదినా, గొడుగు తీసుకుని మంచి పని చేశారు," అన్నాడు.

హాల్లో మంచం మీద కూర్చున్న తల్లి వెంటనే అందుకుంది. "దాని దగ్గర గొడుగు ఊసెత్తకు నాయనా. వాన పడుతుందా అమ్మా అని అడిగినా ఆఫీసు రహస్యం అంటుంది."

తల్లి మాటకి ఎవరూ నవ్వలేదు. ఆమె గొడుగు విప్పుకుని వీధిలోకి నడిచింది.

మరిది ఏం అడగాలనుకుంటున్నాడో ఆమెకి తెలుసు. అతనిది కళ్ళద్దాల దుకాణం. అద్దాలు అరగదీసే మిషను ఒకటి, పనివాళ్ళు ఇద్దరు. బడిపిల్లలకి కళ్ళద్దాలు తయారుచేసి ఇచ్చే ఒప్పందం ఈ ఏడు అతనికి దొరికింది. ధర ముందే రాసుకున్నారు. దాన్ని ఇప్పుడు పెంచడానికి లేదు. అద్దాలు మాత్రం బయటి దేశం నుంచి ఓడలో వచ్చాయి. వాటికి ఎనిమిదివేల నాలుగువందల డాలర్లు నెలాఖరులోపు కట్టాలి. బడుల డబ్బు చేతికి వచ్చేది కూడా నెలాఖరుకే. ఇప్పుడే కట్టేయాలంటే మిషను తాకట్టు పెట్టి అప్పు తీసుకోవాలి. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, సంతకం ఒక్కటే తక్కువ. అప్పు తీసుకుంటే వడ్డీ. ఆగితే వడ్డీ మిగులుతుంది, కానీ ఈలోగా డాలరు ధర నాలుగైదు ఎక్కిందా, ఒప్పందంలో వచ్చే లాభమంతా పోయి పనివాళ్ళ జీతాలు కూడా అతని జేబులోంచే కట్టాలి. ఈ దెబ్బకి దుకాణం తట్టుకోదు. నిరుడు వర్షాల్లో గోడ కూలినప్పుడు పెట్టిన ఖర్చే ఇంకా తీరలేదు.

డాలరు నెలాఖరు దాకా ఇలాగే ఉంటుందా, ఉండదా? మరిదికి కావలసింది ఈ ఒక్క మాటే. ఆ మాట ఎవరైనా చెప్పగలిగితే అది వదినే చెప్పగలదని అతని నమ్మకం.

ఆ నమ్మకం సగం తప్పు. రేపటి ధర ఆమెకి తెలియదు. ఎవరికీ తెలియదు. కానీ ఊళ్ళో చాలామందికి తెలియని సంగతులు కొన్ని ఆమెకి తెలుసు. అవి నోటితో అనకుండా పంతొమ్మిదేళ్ళు గడిపింది.

ఆఫీసులో ఆమెని అందరూ రేటక్క అంటారు. కేంద్ర బ్యాంకు రెండో అంతస్తులో, నడవా చివర, కిటికీ లేని చిన్న గదిలో ఆమె బల్ల. బల్ల మీద ఫోను, గట్టి అట్ట రిజిస్టరు, గోడకి గడియారం. డాలరు ధర ప్రభుత్వం రాసి పంపిస్తుందని కొందరు అనుకుంటారు. ఎవరో నలుగురు పెద్దమనుషులు తలుపులు వేసుకుని తేలుస్తారని ఇంకొందరు. నిజానికి అది కూరల బజారు లాంటిదే. బయటి దేశాలకి బట్ట అమ్మినవాడు డాలర్లు తెస్తాడు, ఓడల మీద పనిచేసేవాళ్ళు ఇంటికి పంపుతారు. మందులూ, నూనే, మరిదిలాగా అద్దాలూ తెప్పించుకునేవాళ్ళు ఆ డాలర్లు కొంటారు. తెచ్చేవాళ్ళకంటే అడిగేవాళ్ళు ఎక్కువైన రోజు ధర ఎక్కుతుంది, తక్కువైన రోజు దిగుతుంది. బ్యాంకుల్లో డీలర్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఫోన్ల మీద ఈ బేరాలే ఆడతారు.

ఇన్ని బేరాల్లో ఇవాళ్టి ధర ఇదీ అని ఒక అంకె తేలాలి కదా. అది తేల్చేది రేటక్క. సరిగ్గా పదకొండున్నరకి ఐదు బ్యాంకులకి ఫోను చేస్తుంది. "పదకొండున్నర ధర చెప్పండి," అంటుంది. అవతలివాడు చెప్పింది తిరిగి పలుకుతుంది, రిజిస్టర్లో రాస్తుంది, పెట్టేస్తుంది. ఐదు అంకెల్లో అన్నిటికంటే పెద్దదీ, అన్నిటికంటే చిన్నదీ కొట్టేసి, మిగిలిన మూడూ కూడి మూడుతో భాగిస్తుంది. ఆ అంకె పన్నెండింటికి గేటు పక్కన బోర్డు మీదికి ఎక్కుతుంది. ఇక ఆ రోజుకి ఆస్పత్రులూ, రేవులో సుంకం వసూలు చేసేవాళ్ళూ, వ్యాపారులూ అందరూ చూసుకునేది దాన్నే.

ధర మరీ పరుగు తీసే రోజుల్లో కేంద్ర బ్యాంకే తన నిల్వలోంచి డాలర్లు తీసి బజారులో అమ్ముతుంది. సరుకు పెరిగితే ధర నెమ్మదిస్తుంది. కాకపోతే తన పేరుతో అమ్మదు. ఏదో ఒక బ్యాంకు చేత అమ్మిస్తుంది. అమ్మేది ఎవరో తెలిస్తే కొనేవాళ్ళు జాగ్రత్తపడతారు. అలాంటి రోజున పదకొండింటికి ఆఫీసరు ఒక నీలం చీటీ తెచ్చి ఆమె బల్ల మీద పెడతాడు. అందులో ఆ బ్యాంకు పేరొక్కటే ఉంటుంది. మన తరఫున అమ్ముతున్నవాడినే ధర అడగకూడదు కనక, ఆ రోజు ఆ బ్యాంకుని వదిలేసి ఇంకో బ్యాంకుకి ఫోను చేయాలి. పని అవగానే చీటీ కవర్లో పెట్టి లక్క ముద్ర వేయాలి.

ఈ పనికి ఆమెని ఎంచుకున్నది ఒకప్పటి ముసలి ఆఫీసరు. "ఆవిడతో ఇల్లు తగలబడుతోందని చెప్పండి. ఏ వీధి అని అడిగి రాసుకుంటుంది. గొంతు పెరగదు, తగ్గదు. ఇలాంటి మనిషి కావాలి నాకు," అన్నాడట. మొదటి నీలం చీటీ వచ్చిన రోజున ఆయనే దగ్గర నిలబడి చెప్పాడు: "చీటీ ఉన్న రోజున ముందు చెయ్యి, తర్వాత నోరు. తొందరపడి నోరు ముందు తెరిస్తే ఏదో ఒకటి జారుతుంది." ఆమె ఆ మాట పట్టుకుంది. మామూలు రోజుల్లో అంకె వినగానే తిరిగి పలికి, ఆ తర్వాత రాస్తుంది. నీలం చీటీ రోజుల్లో ముందు రాసి, రాసింది చూసుకుని, అప్పుడు పలుకుతుంది.

ఇంట్లో ఆమె పేరు లాకరు. అది పోయిన భర్త పెట్టిన పేరు. పన్నెండేళ్ళ క్రితం ఒకనాడు దేశం డబ్బు విలువ ఒక్క రోజులో అయిదో వంతు తగ్గించారు. ఆయన ఆ వార్త రేడియోలో విన్నాడు. పక్కనే భార్య కూర్చుని టీ తాగుతోంది. ఆమెకి అంతకు ముందురోజు మధ్యాహ్నమే తెలుసు. ఆ సాయంత్రమే ఆయన కొత్త సైకిలు కొందామనుకున్నాడు, జీతం వచ్చాక కొంటాలే అని వాయిదా వేశాడు. బయటి దేశం సైకిలు, తెల్లారితే ధర ఎక్కేదే. ఆమె ఏమీ అనలేదు. వార్త విన్నాక ఆయన రేడియో కట్టేసి, ఆమె వంక చాలాసేపు చూసి, "నువ్వు మనిషివా, లాకరువా?" అని పగలబడి నవ్వాడు. పోయేదాకా ఆ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, గొప్పగానే చెప్పాడు. ఆమెకి దక్కిన బిరుదులేవైనా ఉంటే అదొక్కటే.

ఈ నెల మొదలై పన్నెండు రోజులయింది. అందులో ఎనిమిది రోజులు నీలం చీటీ వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ ఏడాదికి ఎనిమిది వచ్చేవి కావు.

ఆ రోజు కూడా చీటీ వచ్చింది. ఫోన్లు అయ్యాయి, డాలరు ధర నలభై ఒకటీ ముప్పై అని బోర్డు ఎక్కింది. ఆమె క్యాంటీనుకి వెళ్ళి డబ్బా విప్పుకుంది. పక్క బల్ల దగ్గర ఎవరో టీ చెబుతున్నారు. "చక్కెర తక్కువ, స్ట్రాంగుగా."

ఆమె చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. తల తిప్పి చూస్తే పొట్టిగా, బట్టతలతో, చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి. ఆయన కూడా ఇటే చూస్తున్నాడు.

"ఒకసారి పదకొండున్నర ధర చెప్పండి అంటారా?" అన్నాడు.

"నాలుగో నంబరు!" అంది ఆమె. తన గొంతు అంత పైకి లేవగలదని ఆమెకే తెలియదు.

పంతొమ్మిదేళ్ళుగా రోజూ ఆమె చేసే నాలుగో ఫోనులో అరనిమిషం మాట్లాడుకున్న మనుషులు. ఎప్పుడూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆయన్ని ఆరడుగుల మనిషిగా ఊహించుకుంది ఆమె. ఆయన మాత్రం, "మీరు సరిగ్గా నేననుకున్నట్టే ఉన్నారు," అన్నాడు. ఇవాళ్టితో రిటైరవుతున్నాడు. కాగితాల మీద ముద్రలకోసం వచ్చాడు.

టీ వచ్చింది. ఆయన గ్లాసు చేతిలో తిప్పాడు.

"అక్కగారూ, పోయేముందు మీకో మాట చెప్పెయ్యాలి. చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. చెబితే మీరేమనుకుంటారో అనీ ఉంది."

"చెప్పండి."

"కొన్ని రోజుల్లో, మేం అంకె చెప్పాక, మీరు ఆగుతారు. ఎక్కువేం కాదు. రెండు ఊపిరులు. తర్వాత పలుకుతారు."

ఆమె చేతిలోని ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టింది.

"మొదట్లో లైను బాగా లేదనుకున్నాను. తర్వాత లెక్క రాసుకున్నాను. మీరు ఆగిన రోజున మధ్యాహ్నానికి డాలరు తగ్గుతుంది. ఒక్కసారీ తప్పలేదు. అంటే మీ పెద్ద బ్యాంకు బజారులోకి దిగిందన్నమాట. మీరు ఆగగానే మేం మా దగ్గరున్న డాలర్లు అమ్మేసేవాళ్ళం. మూడింటికి మళ్ళీ చవగ్గా కొనుక్కునేవాళ్ళం."

"మీరొక్కరేనా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఐదు బ్యాంకులూనండీ. మొదటి ఫోనులో మీరు ఆగగానే అక్కడ అమ్మకం మొదలవుతుంది, మిగతా ఫోన్లు అందేసరికే ధర దిగుతుంది. డీలింగ్ గదుల్లో దానికి పేరు కూడా ఉంది. అక్కయ్య ఊపిరి అంటారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే నేర్పుతారు."

ఆమె డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది.

"మిమ్మల్ని బాధపెట్టాలని కాదు," అన్నాడు ఆయన. "మీ నోట ఒక్క మాట జారలేదు, ఆ సంగతి మేమందరం ఒప్పుకుంటాం. మీకు తెలియాలని చెప్పాను, అంతే."

సాయంత్రం బస్సులో నిలబడి ఆమె లెక్క వేసుకుంది. ఎవరికి చెప్పకూడదో వాళ్ళకి పంతొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉంది. ఎవరికి చెబితే ఒక సైకిలు దక్కేదో, ఒక దుకాణం నిలబడేదో, వాళ్ళ దగ్గర మాత్రం నోరు కుట్టేసుకుంది. దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు వెళ్ళిపోయింది. వెనక్కి నడిచి వచ్చింది.

మర్నాడు పదింటికే ఆఫీసరు గదికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆఫీసరు ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మంచివాడు. ఈ మధ్య సరిగ్గా తిండీ నిద్రా లేక కళ్ళ కింద నల్లబడ్డాయి. ఆమె చెబుతున్నంతసేపూ కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. కోప్పడతాడనుకుంది. అతను మాత్రం ముందుకి వంగాడు.

"ఐదు బ్యాంకులూ నమ్ముతున్నాయా?"

"ఐదూ అన్నాడు సార్."

"మీరిక్కడే కూర్చోండి మేడమ్," అని పై అంతస్తుకి వెళ్ళాడు. అరగంట తర్వాత తిరిగొచ్చి తలుపు వేశాడు.

"ఇవాళ నీలం చీటీ లేదు," అన్నాడు. "కానీ మీరు ఆగండి."

ఆమెకి మొదట అర్థం కాలేదు.

"చీటీ ఉన్న రోజున ఎలా ఆగుతారో అలాగే. వాళ్ళు మనం దిగామనుకుంటారు, వాళ్ళే అమ్మేస్తారు. మన నిల్వలోంచి ఒక్క డాలరు ఖర్చుకాకుండా ధర నిలబడుతుంది."

"మనం అమ్మడం లేదు కదా సార్?"

"అమ్మడానికి ఉండాలిగా." అనేశాక అతను ఆ మాట వెనక్కి తీసుకోలేక కిటికీ వైపు చూశాడు. "బయటినుంచి అప్పు వస్తోంది మేడమ్. పది రోజులు. ఈ పది రోజులూ ఎలాగోలా నెట్టుకు రావాలి."

"రాకపోతే?"

"వస్తుంది."

"రాకపోతే సార్?"

"రాకపోతే నలభై ఒకటి దగ్గర పట్టుకున్న తాడు చేతిలోంచి జారుతుంది. ఎక్కడ ఆగుతుందో నాకూ తెలియదు." గొంతు మెత్తగా చేశాడు. "మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడమనడం లేదు. కాసేపు ఊరుకుంటారు, అంతేగా. ఇది దేశం పని."

పదకొండున్నరకి ఆమె రిసీవరు తీసింది. ఇన్నేళ్ళూ ఆ ఆలస్యం దానంతటదే వచ్చింది, వస్తున్నట్టు ఆమెకే తెలియదు. ఇప్పుడు కావాలని తెచ్చుకోవాలి. అంకె వింది. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పలికింది. నాలుగో బ్యాంకులో కొత్తగా వచ్చిన అమ్మాయి గొంతు. ఆగిన ఆ కాసేపట్లో అవతల కుర్చీ కిర్రుమనడం, ఎవరో ఎవరితోనో "ఊపిరి, ఊపిరి" అని గుసగుసలాడటం వినిపించింది. ఎప్పుడూ వినిపించే ఉంటుంది. ఆమె ఎప్పుడూ వినలేదు.

నలభై ఒకటీ ఇరవై రెండు. ముందురోజుకంటే కాస్త తగ్గింది. ఆఫీసరు స్వయంగా టీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

రెండో రోజూ చీటీ లేదు, ఆమె ఆగింది. మూడో రోజూ అంతే. బోర్డు మీద నలభై ఒకటీ ఇరవై దగ్గర అంకె మేకు కొట్టినట్టు నిలబడింది.

మూడో రోజు సాయంత్రం భోజనాల దగ్గర మరిది హుషారుగా ఉన్నాడు. తల్లికి తనే వడ్డించాడు. పెళ్ళాం చేతిలోంచి గరిటె లాక్కున్నాడు.

"వదినా, మిమ్మల్ని ఇంక ఏమీ అడగను. ఒట్టు," అన్నాడు.

"ఇప్పటిదాకా ఏం అడిగారట?" అంది చెల్లెలు.

"అడగలేదులే, అడుగుదామనుకున్నాను. ఆ అవసరం కూడా లేదు. బోర్డే చెబుతోందిగా! మూడు రోజులుగా చూస్తున్నా, కదలదు, మెదలదు. అప్పు కాగితాలు రేపు సాయంత్రం బ్యాంకు మూసేలోపు వెనక్కి ఇచ్చేస్తా. మిషను తాకట్టు పెట్టే ఖర్మ తప్పింది. బడుల డబ్బు వచ్చాకే తీరిగ్గా కడతా."

"ఎందుకైనా మంచిది, కట్టేయకూడదూ?" అంది చెల్లెలు.

"వడ్డీ ఎవరు కడతారు, మీ నాన్నా? మా వీధిలో అందరూ అదే అంటున్నారు. మందుల షాపాయన పోయినవారం డాలర్లు కొందామని పరుగెత్తాడు, ఇప్పుడు కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు. టైర్లాయనా అంతే. పెద్ద బ్యాంకు గట్టిగా పట్టుకుంది, భయం లేదు అంటున్నారు."

"కాగితాలు రేపు ఎన్నింటికి ఇస్తారు?" అంది ఆమె.

కంచాల చప్పుడు ఆగింది. తల్లి కూడా తలెత్తింది.

"నాలుగింటికి వదినా. ఏం?"

"ఊరికే," అని ఆమె మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

భోజనాలయ్యాక చెల్లెలు పంపు దగ్గర గిన్నెలు తోముతుంటే ఆమె తుడిచి సర్దుతోంది. మరిది హాల్లో అత్తగారికి పేపరు చదివి వినిపిస్తున్నాడు. ఆవిడ ఇప్పటి అంకెల్నీ తన చిన్నప్పటి అంకెల్నీ పోల్చి అందర్నీ తిడుతోంది.

"అక్కా, ఈ ఇంట్లో నువ్వు రేటు గురించి ప్రశ్న వేయడం నేనెప్పుడూ వినలేదు," అంది చెల్లెలు, గిన్నె మీదనుంచి కళ్ళు తీయకుండా.

"ఊరికే అడిగానన్నానుగా."

"నేనేం అడగడం లేదు. బావ సైకిలు కథ నాకూ తెలుసు. నువ్వు చెప్పకపోతే నాకు కోపం రాదు." కడిగిన గిన్నె అక్క చేతికి ఇచ్చింది. "దుకాణం పోతే మాత్రం ఏడుపొస్తుంది. అదీ ఇదీ వేరు. అది నువ్వు కలపకు."

ఆమె తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. బయట కొట్లు తెరుస్తున్నారు. మందుల షాపు ముందు యజమాని స్టూలు మీద కూర్చుని నిజంగానే కాళ్ళు చాపుకున్నాడు. ఇతనికి ధైర్యం ఇచ్చింది ఎవరు? బోర్డు. బోర్డుకి ఆ అంకె ఇచ్చింది ఎవరు? ఇన్నాళ్ళూ ఆమె ఊపిరిని చదివినవాళ్ళు నిజాన్నే చదివారు. దొంగతనంగా చదివినా, అది నిజమే. ఈ మూడు రోజులూ అందులో నిజం లేదు. అబద్ధపు అంకెని చూసి కొనేవాళ్ళంతా ఆగిపోయారు. తాడు జారిన రోజున వీళ్ళందరూ ఒకేసారి డాలర్ల కోసం పరుగెడతారు. అప్పుడు ధర నాలుగైదుతో ఆగదు.

మరిదికి చెప్పకూడదు. ఆ విషయంలో ఆమెకి రెండో ఆలోచన లేదు. పంతొమ్మిదేళ్ళు కట్టుకున్నది ఒక్క సాయంత్రంలో కూల్చుకోలేదు. కానీ ఇవాళ మామూలుగా అడిగితే, డీలర్లు తమకి నిజంగా తోచిన ధరే చెబుతారు. నలభై రెండు కావచ్చు, నలభై రెండున్నర కావచ్చు. అది పన్నెండింటికి బోర్డు మీదికి ఎక్కుతుంది. బోర్డు అందరికీ కనబడుతుంది. మరిదికీ, టైర్లాయనకీ, మందుల షాపాయనకీ. బ్యాంకు మూసేది నాలుగింటికి. ఈలోగా ఎవరి ఆలోచన వాళ్ళు చేసుకోవచ్చు.

ఈ ఆలోచన చెల్లెలి ఇంటికోసం వచ్చిందా, బోర్డు కోసం వచ్చిందా అని తనని తనే నిలదీసుకుంది. రెండూ ఉన్నాయి. విడదీయాలని కాసేపు చూసింది, చేతకాలేదు. అప్పు రాదని ఆమెకి తెలియదు. వస్తే, ఈ పది రోజులూ ఆమె చెడగొట్టినట్టే లెక్క. అది కూడా ఆలోచించింది. స్టాపు రాగానే దిగింది.

పదకొండింటికి నీలం చీటీ రాలేదు. పదకొండూ ఇరవై అయిదుకి ఆఫీసరే వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి గడియారం చూశాడు. గడ్డం గీసుకోలేదు.

"ఇవాళ కొంచెం గట్టిగా ఆగండి మేడమ్," అన్నాడు. "పొద్దుటినుంచి అడిగేవాళ్ళు ఎక్కువగా ఉన్నారు."

ఆమె రిజిస్టరు తెరిచి తేదీ వేసింది. ఐదు గీతలు గీసింది. కలం పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"ఇవాళ నేను ఆగను సార్," అంది. "ముందే చెబుతున్నాను. చీటీ లేని రోజున చీటీ లేనట్టే అడుగుతాను. చీటీ ఉన్న రోజున కూడా ఇకమీదట అలాగే అడుగుతాను. ఈ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టాలంటే మీకింకా నాలుగు నిమిషాలుంది."